సరోజ టీచర్ పెన్సిల్ నొక్కు

ఈ ఉదయం సిక్స్ బీ పెన్సిల్ చెక్కుతుంటే దాని చెక్క వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనతో నాకు ఎప్పుడూ ఒకే దృశ్యం గుర్తుకొస్తుంది. మా ఇంటి హాల్లో, అమ్మ ఎదుట, మేనత్త ఎదుట, సరోజ టీచర్ సంచిలోంచి రబ్బరు తీసి, తాను గీసిన మా నాన్న బొమ్మలో నోటిని తుడిచేస్తోంది. కళ్లు అలాగే ఉన్నాయి, మీసం అలాగే ఉంది. మీసం కింద నవ్వీ నవ్వనట్టున్న పెదవులు మాత్రం బూడిదరంగు పొడిగా మారి, ఆమె ఊదగానే నేల మీద పడ్డాయి. అమ్మ కేక వేయలేదు. "అయ్యో, మళ్లా పోయినాడే" అని మాత్రం అంది. ఆ రోజు టీచర్ చేసింది మంచి పనో కాదో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

నాన్న పోయేనాటికి నేను ఒళ్లో బిడ్డను. ఆయనకు ఉన్నది ఒక్కటే ఫోటో, పెళ్లినాటిది. మేము కిరుమాంబాక్కంలో పొలం పక్క ఇంట్లో ఉండగా ఒక వానాకాలం గోడ చెమ్మకు అది పటం అద్దానికి అతుక్కుపోయింది. పాడవుతుందన్న భయంతో అమ్మే తడిగుడ్డ పెట్టి మెల్లగా లాగింది. నుదురు, కళ్లు, ముక్కు కాగితంతో వచ్చాయి. ముక్కు కింది భాగం అద్దానికే ఉండిపోయి, గీరితే పొరలు పొరలుగా రాలిపోయింది. తద్దినం నాడు అందరి ఇళ్లలో పటానికి దండ వేస్తారు. మేము దీపం పెట్టి ఖాళీ గోడకు దండం పెట్టేవాళ్లం. నాన్న ముఖం అమ్మకు, అత్తకు జ్ఞాపకం. నాకు మాత్రం సగం ఫోటో.

సరోజ టీచర్ దగ్గరికి నేను బొమ్మలు నేర్చుకోవడానికే వెళ్లాను. దినపత్రికకు విలేకరిగా ఊరంతా తిరిగే ఉద్యోగం, ఆదివారం ఒక్కటే నాది. ఆడపిల్లల బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన ఆమె రెడ్డియార్‌పాళయంలో, బస్సులు పోయే రోడ్డు మీద, ఒక గాజుల కొట్టు పైన ఉండేది. మాలాగే వాళ్లదీ తరాల క్రితం ఈ తమిళ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. మాట్లాడటమే గాని ఆమెకు తెలుగు అక్షరాలు రావు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకుని రాస్తున్న వార్తలను గర్వంగా చూపిస్తే, పక్కనున్న ఫోటో మీద వేలు పెట్టి, "ఈ మనిషికి నీడ యాడ పోయింది?" అని అడిగేది.

మొదటి రోజు నేను డబ్బా నిండా పెన్సిళ్లు కొనుక్కుని వెళ్లాను. అన్నింటికంటే మెత్తటిది, నల్లటిది తీసి ఆపిల్ పండు కింద నీడ వేయబోయాను. ఆమె నా చేతిలోంచి దాన్ని లాక్కుంది.

"కొనుక్కొస్తే నలుపు రాదు, పాపా. గోడ మాదిరి వరస మీద వరస కట్టుకుంటా పోవాల."

డబ్బాలోంచి నాలుగు మాత్రం నాకు వదిలింది. గట్టిగా ఉండే టూ హెచ్ ఆనవాలు గీతకు, హెచ్‌బీ ఆకారానికి, టూ బీ నీడకు, మెత్తటి సిక్స్ బీ అన్నీ అయ్యాక చిట్టచివర రెండు మూడు చోట్లకు. బుగ్గ ఎటు వంగితే గీతలు అటు వంగాలి. నలుపు చాలకపోతే మరో వరస అడ్డంగా వేయాలి. నొక్కకూడదు. నొక్కిన చోట పెన్సిల్ మెరుస్తుంది, ఎదుట దీపం పెడితే నలుపంతా తెల్లగా కనిపిస్తుంది. వేలితో రుద్దడం అసలే పనికిరాదు.

ఒకసారి నేను వేసిన ముసలాయన బొమ్మను చూసి, "రుద్దినావా?" అంది.

"కొంచెమే టీచర్."

"కొంచెమే! నీ తలనూనంతా ఆ ముసలాయన బుగ్గ మీదనే ఉండాది చూడు. జిడ్డు మీద నీడ యాడ నిలస్తుంది?"

ఒక ఆదివారం తన దగ్గర నేర్చుకునే మమ్మల్నందరినీ వైతికుప్పం తీసుకెళ్లి సముద్రపు ఒడ్డున ఉన్న పడవల ఎదుట కూర్చోబెట్టింది. చేపల గంప దించుకున్న ఒకామె నా కాగితంలోకి తొంగిచూసి, మా పడవ నీలం, నువ్వు మసి పూశావేమిటని తమిళంలో ఎగతాళి చేసింది. టీచర్ ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని, ఈ నీలం ముదురా, నీ చీర ఎరుపు ముదురా అని అడిగింది. కళ్లు సగం మూసి చూడమంది. ఆమె చూసి, రెండూ ఒకే ముదురని ఆశ్చర్యపోయింది. నేనూ కళ్లు సగం మూశాను. ఆమెకు కనిపించినట్టు నాకు కనిపించలేదు. ఆ మాట టీచర్‌తో చెబితే, "అయితే కనపడినంతే ఎయ్యి. సుమ్మా, ఊరికే నన్ను నమ్మి ఎయ్యబాక" అంది.

నాన్న ముఖాన్ని పూర్తిగా గీయించాలన్న అమ్మ కోరిక ఆమెకు చెప్పడానికి చాలా రోజులు జంకాను. "సగం మొగం ఇచ్చి మిగతా సగం నన్ను కనిపెట్టమంటావా?" అని మొదట విసుక్కుంది. తరువాత మా ఇంటికి వచ్చి, అమ్మను కూర్చోబెట్టి, పెదవి మందమా, నవ్వితే ఏ మూల ముందు కదిలేది అని అడిగి అడిగి తెలుసుకుంది. మీసం సంగతి ఊరంతా ఎరిగినదే. తద్దినానికి ముందురోజు బొమ్మ తెచ్చింది. అమ్మ దాని గడ్డం తడిమి, "ఇదే. ఇట్లనే నవ్వేది" అని ఏడ్చింది. తద్దినానికని వచ్చిన మా మేనత్త కనకమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒకసారి బొమ్మను, ఒకసారి నన్ను చూసింది.

"ఏంది వదినా, ఇది మా అన్న నోరా? మన భాను నోరు గదా! వారం వారం ఎదురుగా కూసోని ఉంటే టీచరమ్మకి అదే వచ్చేసినట్టుండాది."

"నా మొగుడి నోరు నాకు తెల్దా?"

"నాకు తెలిసినంత తెల్దు. మా అన్న నవ్వితే పైపళ్లు కనపడేవి."

"పళ్లు కనపడాలంటే నీ ఎదుట నవ్వుండాల. నీ ఎదుట ఎవురు నవ్వినారు?"

నేను నవ్వేశాను. టీచర్ నవ్వలేదు. నా గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పి, నా పెదవులను, బొమ్మను మార్చి మార్చి చూసింది. ఆ తరువాతే రబ్బరు తీసింది.

బస్సు దాకా ఆమెతో నడుస్తూ అడిగాను. "అమ్మ చెప్పినట్టే కదా వేశారు?"

"ఆమా, మీయమ్మ చెప్పినట్టే ఏసినా. మీయమ్మ ఎవర్ని తల్చుకోని చెప్పిందో?"

"పోనీ, అత్త చెప్పినట్టు వేయండి."

"అదీ ఒకరి మాటే గదా. నాకే సందేహం వచ్చేసినాక యెట్లా ఉంచేది, చెప్పు."

ఇద్దరి మాట కలవకపోతే ఆ వాక్యాన్ని వార్తలోంచి తీసేయడం నా వృత్తి. ఎన్నోసార్లు తీసేసి హాయిగా నిద్రపోయాను. కానీ ఒక భార్య గుర్తుపట్టిన ముఖాన్ని తుడవడం కూడా అలాంటి పనేనా? అది నిజాయితీయా, పదిమందిలో పట్టుబడ్డానన్న బెదురా? ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను గాని మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అమ్మ ఆ బొమ్మకు అలాగే పటం కట్టించింది. గంధపు చెక్కల దండను మీసం కిందుగా వచ్చేటట్టు కట్టింది. దండ జారిందనుకుని సరిచేయబోయిన చుట్టాలను కసిరేది. విచిత్రమేమంటే, టీచర్ మీద ఆమెకు కోపమే లేదు. ప్రతి తద్దినానికీ పిలిచి, అడగకుండానే రెండోసారి వడ వడ్డించేది.

టీచర్ ఇప్పుడు లేదు. ఈ వానలకు మా గోడ మళ్లీ చెమ్మగిల్లింది. పాత ఫోటోకు పట్టిన గతే పడుతుందేమోనని నిన్న పొద్దున పటం విప్పి, బొమ్మను కిటికీ దగ్గర పెట్టాను. ఏటవాలుగా పడిన ఎండలో, మీసం కింది తెల్లటి చోట, పెదవుల మధ్య గీత పల్లంగా కనిపించింది. వేలికి తగిలింది కూడా. రబ్బరుతో నలుపు పోతుంది గాని నొక్కు పోదని ఆమె మాకు ఎన్నిసార్లు చెప్పిందో! మనసుకు గట్టిగా తోచినచోట చేయి దానంతటదే బరువెక్కుతుంది, జాగ్రత్త అనేది. బొమ్మంతా వేలితో తడిమాను. ఫోటోలో స్పష్టంగా ఉన్న కళ్ల దగ్గర కూడా నొక్కు లేదు. ఎవరూ చూపించలేని నోటి దగ్గరే ఉంది. అంత నమ్మకంగా గీసిన దాన్ని అత్త ఒక్క మాటకు ఎందుకు తుడిచేసింది? అడగడానికి ఆమె లేదు. నా చేయి ఇప్పటికీ తేలిగ్గానే కదులుతుంది, కాగితం మీదా, వార్తలోనూ. అది ఆమె ఇచ్చిందే.

రేపు తద్దినం. నిన్న సాయంత్రం అమ్మ బొమ్మ ఎదుట పీట వేసుకుని కూర్చుంది.

"ఎన్నాళ్లని ఆయన్ని నోరు ల్యాకుండా కూసోబెట్టేది? నేర్చుకున్నావు గదా, నువ్వే ఎయ్యి."

"ఎట్లా వెయ్యాలమ్మా?"

"ముందు ఎట్లుండాదో అట్లనే." కాసేపు బొమ్మనే చూసింది. తరువాత నా వైపు తిరిగింది. "నువ్వు రోంత నవ్వు, చూస్తా."

నవ్వాను. అమ్మ తల ఊపింది. ఆమెకు ఎవరు కనిపించారో నేను అడగలేదు. ఈ ఉదయం చెక్కిన సిక్స్ బీ బల్ల మీద, బొమ్మ పక్కనే ఉంది. మీసం కింద కాగితం ఇంకా తెల్లగానే ఉంది.