రంగం చెరువులో పోలి దీపాలు

ఈ తెల్లవారుజామున మా మనవరాలు ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్ళు పట్టి, "పోలి దీపాలు ఇందులోనే వదిలేద్దాం మామ్మా, సముద్రం దాకా ఎవరు వెళ్తారు?" అంది. మహా తెలివి. కార్తీకం నెల్లాళ్ళూ దీపాలు పెట్టినవాళ్ళు అమావాస్య మర్నాడు తెల్లారగట్ల అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి, పారే నీళ్ళలో వదిలి, చేత్తో నీళ్ళు తోసి సాగనంపాలి. టబ్బులో నీళ్ళు ఎక్కడికి పారతాయి? దొప్ప ఓ చుట్టు తిరిగి అంచుకి అతుక్కుపోయింది. నాకు నవ్వొచ్చింది. ఈ పొరపాటే ఇంకొకావిడ చేయగా చూశాను, అదీ సముద్రం దాటి వెళ్ళి, ఊరంత చెరువులో.

ఆవిడ మా తోడికోడలు. నేను అక్కా అనేదాన్ని. పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. అప్పట్లో మా వైపు ఇంటికొకడు రంగంలో ఉండేవాడు. రంగూను అని పుస్తకాల వాళ్ళు అనేవారు గానీ మాకు అది రంగమే. మా ఆయనకి రంగం పక్కనే ఇన్సేన్ రైలు కార్ఖానాలో పని, నేను కొత్తగా కాపరానికి వెళ్ళాను. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, ఓడరేవులో మూటలు మోసేవాళ్ళకి మేస్త్రీ. మనిషి మంచివాడు. తాగుడు లేదు, పేకాట లేదు, ఇంకో ఆడదీ లేదు. ఉండుంటే అక్కకి తిట్టడానికైనా సుళువుగా ఉండేది. ఆయనకున్నదల్లా ఒక్కటే మాట: "వచ్చే ఓడకి వస్తాను." ఏళ్ళ తరబడి అదే కబురు. మా అత్తవారింట్లో అది సామెత అయిపోయింది. ఎవరైనా పని వాయిదా వేస్తే, "వచ్చే ఓడకి చేస్తాడులే" అని నవ్వుకునేవారు. అక్క మాత్రం నవ్వేది కాదు.

ఆ కార్తీకానికి ఆవిడే ఓడెక్కి వచ్చేసింది. మొగుణ్ణి వెంటబెట్టుకునే తిరిగొస్తానని ఊళ్ళో అందరికీ చెప్పి మరీ బయల్దేరిందట. ఒంటరిగా వెళ్తే ఇంక తలెత్తుకోలేదు. బావగారు ఉండేది కూలీల బసలో, పదిమంది మగాళ్ళ మధ్య. అందుకని అక్క మా ఇంట్లోనే దిగింది. ఆయన ఆదివారం వచ్చేవాడు, పీట మీద కూచుని శుభ్రంగా భోంచేసేవాడు, బియ్యం ధర గురించి మాట్లాడి వెళ్ళిపోయేవాడు. అక్క వడ్డించేది. ఊరి మాట ఎత్తితే ఆయనకి పొలమారేది.

మిగతా రోజుల్లో నేను అక్కకి పట్నం చూపించాను. ట్రాము ఎక్కించాను. బంగారు పగోడా దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నోరు తెరుచుకు నిలబడింది. "ఏటే సెల్లీ, ఇంత బంగారం బైటెట్టుకుని ఈళ్ళకి నిద్దరెలా పడతాదే?" అంది. పున్నమినాడు బర్మావాళ్ళు ఇళ్ళ నిండా దీపాలు పెడితే, "ఈళ్ళకీ కార్తీకమేనేటి!" అని ఎంత సంతోషపడిందో. చుట్టం దొరికినట్టు ఎదురింటి బర్మా ఆవిడకి ప్రమిదలు కూడా ఇచ్చింది.

పోలి పాడ్యమి దగ్గర పడింది, దానితోపాటే అక్క తిరుగు ఓడ కూడా. మా ఊళ్ళో అయితే నాగావళిలో వదిలేవాళ్ళం. ఇక్కడ ఏరు పక్కనే ఉంది గానీ, రేవంతా ఓడలు, నూనె తెట్టు, పడవవాళ్ళ కేకలు. ఆడవాళ్ళు దిగే చోటు కాదు. అప్పుడు మా ఆయనే, దొరలు షికారు చేసే పెద్ద చెరువుకి పోదామన్నారు. అక్క ఒప్పుకుంది. "ఏ నీళ్ళైనా ఆకరికి సముద్రంలోకే గదేటి, సముద్రమైతే మనూరికే ఎల్తాది" అంది. దీపాలు వెళ్ళిన దారినే పెనిమిటి కూడా ఇంటికి రావాలని ఆవిడ మొక్కు. బావగారు కూడా వచ్చాడు, బుట్ట మోసుకుంటూ.

ఇంకా మసక మసగ్గా ఉంది. చెరువు మీద పొగమంచు, దొరల పడవలు ఒడ్డున కట్టేసి ఉన్నాయి, పగోడా తలకిందులుగా నీళ్ళలో మెరుస్తోంది. అక్క మోకాలి లోతు దిగి, ఒక్కో దొప్పా వదిలి నీళ్ళు తోసింది. దీపాలు వరసగా సాగిపోయాయి. నాకే కళ్ళు చెమర్చాయి. ఇంతలో గాలి మళ్ళింది. వెళ్ళినవన్నీ మెల్లగా వెనక్కి తిరిగి, ఒకదాని వెంట ఒకటి వచ్చి అక్క చీర కుచ్చెళ్ళకి తగిలాయి. మేం కొయ్యబారిపోయాం. వదిలిన దీపం తిరిగొస్తే ఎంత అపశకునం!

"సెరువు గదే, యెక్కడికెల్తాయి?" అని బావగారు తేల్చేయబోయాడు.

అక్క వెనక్కి తిరిగింది. గొంతు పెంచలేదు. "సూసినావా, సెరువులో ఒదిలీసిన దీపాలు గూడా తిరిగొచ్చీసినాయి. నువ్వే రానేదు."

బావగారు చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగి, తనే ఓ దొప్పని తోశాడు. అది మళ్ళీ వచ్చింది. ఇంకోసారి తోశాడు, ఇంకోసారి వచ్చింది. చివరికి, తలెత్తకుండానే, "వచ్చే ఓడకి..." అన్నాడు.

"ఓ. నానూ ఆ ఓడకే ఎల్తాను" అని అక్క వచ్చి గడ్డిలో చతికిలపడింది.

నిజంగానే తన ఓడ ఎక్కలేదు. బావగారు చచ్చినట్టు రేవు దగ్గరే, సేక్కాన్ పేట వైపు ఓ గది తీసుకున్నాడు. ఆ గదిలోనే కాపరం, పిల్లలు, కరివేపాకు చెట్టు, ఎదురు వాటా వాళ్ళతో తగువులు, అన్నీ. "ఊళ్ళో ఏమనుకుంటారో అన్నావు కదక్కా" అని ఓసారి వేళాకోళమాడాను. "అడిగితే వచ్చే ఓడకొత్తానని సెప్పు" అంది. యుద్ధం వచ్చి మమ్మల్నందర్నీ తరిమేదాకా ఆ ఓడ రానేలేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మనవరాలి టబ్బులో దొప్పని నేనూ తోసి చూశాను, వచ్చేసింది. కాలం ఏరులాంటిది, పోయింది పోయినట్టే అంటారు. ఏమో, ఈ వయసులో నాకది చెరువులాగే ఉంది. ఎప్పుడో వదిలేసినవన్నీ ఒక్కొక్కటీ వచ్చి కాళ్ళకి తగుల్తున్నాయి.