పేరు చెప్పని వడ్లు

ఆవపల్లిలో మా కంప్యూటర్ గది అంటే పాత రేషన్ గోదాము వెనక గది. రెండు సర్వర్లు, కప్పు మీద సోలార్ పలకలు, మూలన బ్యాటరీలు, వాటన్నిటికీ కాపలాగా నేను. మబ్బు పట్టిందంటే బ్యాటరీలు చచ్చేవి. ఎండ కాసిందంటే నెట్ ఉండేది కాదు. రెండూ కుదిరిన రోజు పండగే. అక్కణ్నుంచి ఉసూర్ దాకా ఊళ్లలో ఏ ఇంట్లో ఏ వడ్లు పండిస్తున్నారో ట్యాబ్‌లో రాసుకొచ్చి, ఆ సర్వర్లలో ఎక్కించి, ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూసుకునేలా తెరిచిపెట్టడం మా పని. దాన్ని ఓపెన్ సైన్స్ అన్నారు మా పైవాళ్లు. ఆ మాటను మా ఊరు ఎర్రబోరు తెలుగులోకి, నాకు వచ్చీరాని ఇక్కడి దోర్లీ భాషలోకి మార్చలేక నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"రాసుకపోతె మాకేందమ్మా?" అని ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు అడిగేవారు. పైవాళ్లు నేర్పిన జవాబు ఒకటుంది, అన్నీ పెద్ద పెద్ద మాటలే. అది చెబితే కూర్చోమని కూడా అనేవారు కాదు. అందుకని నా సొంతంగా ఒకటి కల్పించాను. "మీ ఇత్తనం ఎప్పుడన్న పాడైతె, ఇంకా ఎవరింట్ల ఉన్నదో ఈ పెట్టె చెప్తది" అనేదాన్ని. వెంటనే చాప పరిచేవారు. ఎవరూ ఇవ్వమనని మాట అది, నేనే ఇచ్చాను.

వాగు పక్క ఊళ్లో ఒక అవ్వ ఉండేది. పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది. వెదురు గుమ్మిలోంచి గుప్పెడు వడ్లు తీసి నా అరచేతిలో పోసింది. వాగొడ్డున ఉన్న ఆమె మడిలో వానాకాలమంతా నీళ్లు నిలుస్తాయి. ఇవి తప్ప ఏ వడ్లు వేసినా కుళ్లిపోతాయి.

"పేరేందవ్వా?" అని అడిగాను.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకున్న కోడళ్లు కిసుక్కున నవ్వారు. "ఆయన పేరే బిడ్డా" అంది.

ఆ విత్తనం దాచే ఇళ్లలో పెద్దకొడుక్కి ఆ వడ్ల పేరే పెడతారట. పెళ్లాం మొగుడి పేరు పలకదు, కోడలు మామ పేరు పలకదు. విత్తనాల సంగతి తెలిసింది ఆడవాళ్లకే, ఆ పేరు నోట రానిదీ వాళ్లకే. తర్వాత వేరే ఊళ్లలో ఐదారు ఇళ్లలో ఆ వడ్లే చూశాను. అన్నిచోట్లా అదే కొంగు, అదే నవ్వు.

మాది హిందీ రాష్ట్రం కదా, ట్యాబ్‌లో ఫారం హిందీలో ఉండేది. పేరు గడి నింపకపోతే ముందుకు కదలదు. గుమ్మం దాటి ఏ మగవాణ్ణి అడిగినా నిమిషంలో తేలిపోయేది. ఓపిక లేదు నాకు, ఇంకా ఎన్నో ఇళ్లు తిరగాలి. "నామ్ నహీ బతాయా" అని కొట్టి పడేశాను. పేరు చెప్పలేదు. ఆ వడ్లున్న ప్రతి ఇంటికీ అదే కొట్టాను. పైగా ఈ ముచ్చట మా సార్‌కి చెప్పి నవ్వించాను, సిగ్గు లేకుండా.

మూడేళ్లు గడిచాయి. నిరుడు వానలకు అవ్వ ఇంటి కప్పు కారి, గుమ్మిలో విత్తనమంతా మొలకెత్తి బూజు పట్టింది. ఈసారి మృగశిర రాగానే ఖాళీ సంచి చంకన పెట్టుకుని ఆవపల్లి దాకా నడిచి వచ్చింది.

"పెట్టె చెప్తదంటివి గద బిడ్డా. అడుగు. ఎంత దూరమైన పోయి తెచ్చుకుంట. అవి లేకపోతె నా మడి బీడే."

ఆ రోజు ఎండా ఉంది, నెట్టూ ఉంది. నేను తిరిగిన ఊళ్లన్నీ ఒక్కొక్కటే కొట్టి వెతికాను. ఆ వడ్లున్న ఇళ్లలో ఒక్కటీ లేదు. అవ్వ ఇల్లు కూడా లేదు. బయటికి వచ్చి నగరంలోని మా పెద్దాఫీసుకు ఫోన్ చేశాను. "పేరు లేనివి పనికిరావు కదా, డేటా శుభ్రం చేసినప్పుడే తీసేశాం" అన్నారు, మర్యాదగానే. అక్కడ తీసేస్తే మా దగ్గరా వాటంతటవే పోతాయి. రెండుచోట్లా ఒకటే ఉండాలని ఆ ఏర్పాటు దగ్గరుండి చేయించింది నేనే, నా బుద్ధి గడ్డి తిని. అవి ఏ ఊళ్లో ఏ ఇళ్లో గుర్తు తెచ్చుకుందామంటే కొంగులు అడ్డం పెట్టుకున్న ముఖాలు తప్ప ఏవీ గుర్తు రాలేదు.

లోపలికి వచ్చాను. అవ్వ తెర వైపే చూస్తోంది.

"పేరు చెప్పంది అది ఎతకదా ఏంది?" అంది.

లేదవ్వా, ఇక ఏం చెప్పినా దొరకదు అనాలి. నోరు రాలేదు. "ఊఁ" అన్నాను తల ఎత్తకుండా.

అవ్వ సంచి కింద పెట్టింది. కొంగు సర్దుకుంది. తలుపు వైపు ఒకసారి చూసి, ఆ పేరు చెప్పింది. మెల్లగా కాదు, పొలంలో ఉన్న మనిషిని కేకేసినట్టే చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయను. దొరకదని తెలిసీ కొట్టాను. ఏమీ లేదని వచ్చింది.

"లేదంటోందవ్వా" అన్నాను. ఏడుపొచ్చింది నాకు.

అవ్వ సంచి మడిచి మళ్లీ చంకన పెట్టుకుంది.

"పెండ్లైన కాడ్నించి ఒక్కపారి గూడ ఆయన్ని పేరు పెట్టి పిలవలే బిడ్డా" అంది. "ఇయ్యాల పిలిచిన. పలకలే."