విమానం దాటేదాకా

శంషాబాద్‌లో నేను కిరాయికున్న ఇంటి ఓనరును బాపు అనేవాణ్ణి. ఇంటి మీదుగా విమానం వెళ్తుంటే ఆయన మాట ఆపి చెయ్యెత్తేవాడు. ఎదుటివాళ్ళు కూడా ఆగాల్సిందే. మోత దాటిపోయాకే ఆ చెయ్యి దిగేది, ఆగిన మాట మళ్ళీ మొదలయ్యేది.

భార్య చనిపోయిన కొన్నాళ్ళకు ఆయన తన ఫోన్ తెచ్చి నా చేతికిచ్చాడు. అందులో ఆమె పాడిన బతుకమ్మ పాట ఉంది.

"దీంట్ల మస్తు సన్నగ వస్తుంది బిడ్డా. ఆమె గొంతు గట్ల కాదు."

పాటను నా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆయన గదిలోని పాత స్టీరియో రిసీవర్‌కు వైరు కలిపాను. దాని పెద్ద స్పీకర్లలోంచి ఆమె గొంతు నిండుగా వచ్చింది. బాపు వాటి ముందు నేల మీద కూర్చుండిపోయాడు.

పాట మధ్యలో విమానం మోత మొదలైంది. బాపు చెయ్యెత్తాడు. నేను అలవాటుగా పాట ఆపేశాను. మోత కూడా ఠక్కున ఆగిపోయింది. విమానం మా ఇంటి మీద లేదు, పాటలోనే ఉంది.

"ఆపకు బిడ్డా," అన్నాడాయన, చెయ్యి దించకుండానే. "ఫోన్ల ఈ మోత వినరాలే. ఆ దినం గూడ నేను గిట్లనే చెయ్యెత్తిన. పాడుతున్నది ఆగింది."

మళ్ళీ పెట్టాను. మోత పెరిగి, సన్నగిల్లింది.

"దాటిందా?" అని ఆమె గొంతు అడిగింది.

బాపు చెయ్యి దించాడు. ఆమె పాట అందుకుంది.