గుంతలోకి దిగిన తవ్వాబ్

ఈజిప్టులోని ఫయ్యూమ్‌లో కాలవ పక్కనున్న ఆ ఊళ్లో మొదటి గోబర్ గ్యాస్ గుంత కట్టించింది తహానీ మొగుడు తవ్వాబ్.

"పేడ మంట మీద మొలోఖియా కూరా! ముక్కు మూసుకుని తినాలేమో వదినా," అన్నాడు పొరుగింటి మబ్రూక్.

"ఇన్నాళ్లూ పిడకల మీద కాల్చిన రొట్టెలు తిన్నావుగా, అప్పుడెక్కడికి పోయింది నీ ముక్కు?" అంది తహానీ.

ఏడాది తిరక్కుండా మబ్రూక్ కూడా కట్టించుకున్నాడు.

పేడా, కుళ్లిన టమాటాలూ, మిగిలిన కూరలూ నీళ్లలో కలిపి గుంతలో పోసేది తహానీయే. ఒక వేసవిలో మంట సన్నబడింది. లోపల గడ్డి అడ్డుపడిందేమోనని తవ్వాబ్ మూత తీశాడు.

"రేపు ఎవర్నైనా అడిగి చూద్దువులే," అంది తహానీ.

"మరి మధ్యాహ్నం ఏం తింటాం?" అని నవ్వుతూ నిచ్చెన దిగాడు. ఆ తర్వాత పిలిస్తే పలకలేదు. మబ్రూక్ తాడు కొక్కెంతో పైకి లాగేసరికి ఊపిరి లేదు.

గుంత కట్టిన మేస్త్రీ పరామర్శకొచ్చి, లోపలి గాలికి మనిషి క్షణాల్లో పడిపోతాడని చెప్పాడు.

"ఈ ముక్క ముందే చెప్పకపోయావా?" అంది తహానీ.

"నా కొడుకుని మింగిందది. పూడ్చెయ్యి," అంది అత్త హమీదా. కట్టెలు తెచ్చే దిక్కు లేదు. తహానీ ఆ మంట మీదే వండింది. అత్త ఆ వంట ముట్టలేదు. పొరుగువాళ్లు పిడకల మీద కాల్చి ఇచ్చిన రొట్టే తినేది.

మరుసటి ఏడు ఒక పొద్దున మబ్రూక్ తన గుంతకి నిచ్చెన వేయడం తహానీ కంటపడింది. చెప్పులైనా లేకుండా పరిగెత్తి అతని చొక్కా పట్టుకుంది.

"దిగకు అన్నా!"

"వదులు వదినా, చినుగుతుంది. రాత్రే మూత తీసిపెట్టా, ఆ గాలంతా పోయుంటుంది. చిటికెలో పని."

"ఆయనా ఇట్లాగే దిగాడు!"

చొక్కా నడుం దాకా చినిగింది. చేరినవాళ్లు నవ్వారు. "మొగుడు పోయాక మతి పోయింది పాపం," అన్నారెవరో. తహానీ పట్టు వదల్లేదు. మబ్రూక్ పెళ్లాం నగ్వాకేసి తిరిగి, "కోడినొకదాన్ని తే!" అని అరిచింది.

కోడిని బుట్టలో పెట్టి తాడుతో దించారు. పైకి లాగేసరికి దాని మెడ వాలిపోయి ఉంది. ఎవరూ నవ్వలేదు. మబ్రూక్ నిచ్చెన పైకి లాగి పక్కన పడేశాడు. నగ్వా తహానీ చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

తహానీ ఇంటికొచ్చి వంటింట్లో గోడకానుకుని కూర్చుంది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆ గది గడప తొక్కని హమీదా ఆ చప్పుడుకి లోపలికొచ్చింది.

"కోడి అత్తా," అంది తహానీ వెక్కుతూ. "ఒక్క కోడితో పోయేది. ఆ రోజు నాకు తట్టలేదు."

హమీదా పక్కనే కూర్చుని కోడలి తల ఒళ్లోకి లాక్కుంది.