డీజిల్ మెరుపు

మా అన్నయ్య పోయాడు. తెనాలిలో పొద్దున్నే కాఫీ తాగి, గుండెల్లో మంటగా ఉందని మంచం మీద ఒరిగాడట, మళ్ళీ లేవలేదు. రేపల్లెలో నేను పాఠం చెప్పే స్కూలుకి ఫోనొస్తే, హెడ్మాస్టరుగారు నన్ను క్లాసులోంచి పిలిచి చెప్పారు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. అది ఇంకా దిగలేదు. కాబట్టి నా దగ్గర మెత్తటి మాటలు ఆశించకండి.

ఎనభైలలో అన్నయ్య తెనాలి బస్టాండు వెనకాల కార్లు కడిగి పాలిష్ పెట్టే షాపు తెరిచాడు. వదిన మెడలో గొలుసు తీసి ఇస్తే వచ్చిన షాపు. అది తప్ప వాళ్ళకి సెంటు పొలం లేదు. నా టీచరు ట్రైనింగు కూడా ఆ షాపు మీదే గడిచింది.

మా వైపు కార్లకి ఒక రోగం ఉంది. సెలవొస్తే చాలు, రామాపురం సముద్రానికి పరిగెడతాయి, తడి ఇసకలో దిగుతాయి. పెళ్ళిళ్ళకని ఉప్పునేలల అడవులదీవి దాకా పోతాయి. పైకి ఏమీ తెలియదు గానీ ఉప్పుకి అడుగంతా తుప్పు పడుతుంది. అందుకని అన్నయ్య ఏ కారొచ్చినా ముందు ర్యాంపు ఎక్కించి, గోనెపట్టా పరుచుకుని కిందికి దూరేవాడు. నీళ్ళు కొట్టి కొట్టి, కారుతున్న బొట్టుని వేలితో తీసి నాలిక మీద వేసుకునేవాడు. చప్పగా ఉంటేనే బయటికొచ్చేవాడు. ఆ తర్వాతే పాలిష్.

"ఛీ, ఆ మురికి నోట్లో పెట్టుకుంటారేంటండీ!" అని వదిన గోల.

"ఉప్పు కంటికి కనపడదే. మరెట్టా తెలుస్తుంది?" అనేవాడు నవ్వుతూ.

తొంభైలు వచ్చేసరికి ఎదురుగా ఇంకో షాపు వెలిసింది. అక్కడ అడుగు కడగడాలు, వాక్సులు ఏమీ లేవు. పైన నాలుగు చెంబుల నీళ్ళు పోసి, డీజిల్ గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే కారు పెళ్ళికొడుకులా మెరిసేది. రేటు చూస్తే అన్నయ్య రేటులో సగం. ఆ మెరుపు ఊరు దాటితే ఉండదు, జిడ్డుకి దారిలో దుమ్మంతా అతుక్కుంటుంది. అయినా ఎవరిక్కావాలి?

స్టేషను దగ్గర టాక్సీవాళ్ళు వచ్చి, "అన్నా, మేమేమన్నా డాక్టర్లమా? కాస్త తగ్గించి చెయ్యి" అని బతిమాలారు. అన్నయ్య ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. పాలిష్ మానేసి అడుగు ఒక్కటే కడుగుతాను, సగం ఇవ్వండి చాలన్నాడు. "చవగ్గా అంటే పని తగ్గించొచ్చు చెల్లాయ్, పనిలో మోసం కలపకూడదు" అని నాకు గొప్పగా చెప్పాడు. నాకూ బాగానే ఉందనిపించింది.

కొన్నాళ్ళకే ఒక టాక్సీ అతను వచ్చి షాపు ముందు నిలబడి అరిచాడు. "నీ పుణ్యమా అని నా కారు అడుగు బంగారంలా ఉందన్నా! రైలు దిగిన ప్యాసింజర్లు కింద పడుకుని చూస్తారేంటి? మెరిసే బండి ఎక్కి పోతన్నారు!" అందరూ నవ్వారు. అన్నయ్యా నవ్వాడు. ఆ బండి ఎదురు షాపుకి పోయింది, దాని వెనకే మిగతావీ పోయాయి.

మొదట్నుంచీ పూర్తి రేటిచ్చే డాక్టర్లు, మిల్లులవాళ్ళు ఇంకోలా తగులుకున్నారు. "వాళ్ళకి సగానికి చేసినవాడివి, ఇన్నాళ్ళూ మా దగ్గర పూర్తిగా ఎందుకు గుంజావయ్యా?" అన్నారు. వాళ్ళ కార్లకి పాలిష్ కూడా పెట్టాడన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

"నువ్వూ ఒక డీజిల్ గుడ్డ పట్టు అన్నయ్యా. వదిన మొహం చూడు" అన్నాను. అన్నందుకు నాకిప్పటికీ సిగ్గు లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా!

"పడితే ఇక ఆ గుడ్డే మిగులుతుందే" అన్నాడు. మొండిఘటం.

షాపు మూసేశాడు. చివరికి ఎదురు షాపులోనే కూలికి చేరి, ఆ డీజిల్ గుడ్డే పట్టాడు. ఓనరు టీకి వెళ్ళినప్పుడల్లా పైపు లాక్కుని కార్ల కిందికి దూరేవాడట. "నీళ్ళు ఎవడబ్బ సొమ్మయ్యా!" అని ఓనరు తిట్టేవాడట. ఈ సంగతి అన్నయ్య నాకెప్పుడూ చెప్పలేదు, వదిన చెప్పింది.

అమ్మానాన్నల పక్కనే సమాధి చెయ్యాలని బాపట్ల తీసుకెళ్ళాం. వ్యాను ఆ ఎదురు షాపు ఓనరే పంపాడు. "అన్న కోసం దగ్గరుండి తుడిపించానండీ టీచరుగారూ, అద్దంలా లేదూ?" అన్నాడు. అతని కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి. బయల్దేరే ముందు తెనాలిలో ఇంటి గేటు దగ్గర ఆ డాక్టర్లూ, ఆ టాక్సీవాళ్ళూ చేతులు కట్టుకుని, "ఎంత మంచి పనోడండీ" అంటున్నారు. ఇప్పుడా అనేది ఈ మాట?

ఎక్కబోతూ వ్యాను తలుపు మీద చెయ్యి వేస్తే జారింది. అరచెయ్యంతా డీజిల్ వాసన. పైటచెంగుతో ఆ చోట పిచ్చిదానిలా రుద్దాను, జిడ్డు పోయేదాకా రుద్దాను. వదిన వచ్చి, "వదిలెయ్యమ్మా, టైమవుతోంది" అని నా చెయ్యి పట్టుకుంది.

పొన్నూరు మీదుగా వెళ్ళాం. దారి పొడవునా దుమ్ము. బాపట్లలో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టాక కూడా నా కళ్ళు వ్యాను మీదే ఉన్నాయి. అద్దంలా మెరిసిన బండి బూడిదలో పొర్లినట్టు అయిపోయింది. తలుపు మీద నేను రుద్దిన చోటు మాత్రం, అరచెయ్యంత మేర, శుభ్రంగా ఉంది.