సుశీలమ్మ చేతిలో నల్ల రాజు

1954లో నాంపల్లిలోని మా బడి హాలులో సిటీ చదరంగం పోటీలు జరిగాయి. మామూలు రోజుల్లో నేను అక్కడ డ్రిల్లు మాస్టర్ని. పోటీలప్పుడు ఆర్బిటర్ని, అంటే ఆటలో తగవు వస్తే తీర్పు చెప్పేవాణ్ణి. నేను గొంతెత్తి అరవకుండా చేసిన ఉద్యోగం అదొక్కటే.

ఆఖరి రౌండులో నల్లపావులు సుశీలమ్మవి. అబిడ్స్‌లో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేది. సిటీ టీములో మిగిలింది ఒక్క చోటు. ఎదుట కూర్చున్న వకీలు దామోదర్‌రావుకు డ్రా అయినా చాలు, ఆమెకు గెలుపే కావాలి. అందుకే సిసిలియన్ డిఫెన్స్ అనే ఎత్తుగడతో ఆట మొదలుపెట్టింది. పేరుకే అది డిఫెన్స్, ఆడితే దెబ్బకు దెబ్బ.

ఆట మధ్యలో దామోదర్‌రావు ఆమె రాజు మీదికి విరుచుకుపడ్డాడు. ఆమె చటుక్కున రాజును ఎత్తి, గుర్రంలా దూకించబోయి, ఆగిపోయింది. మన ఇళ్లలో ఆడే దేశీ ఆటలో రాజు ఒక్కసారి అలా దూకవచ్చు. పోటీల్లో కుదరదు. పైగా ఇక్కడ ‘టచ్ మూవ్’ ఉంది. ముట్టుకున్న పావునే కదపాలి.

"ముట్టుకున్నరు గద సార్, రాజునే జరపాలె," అన్నాడు దామోదర్‌రావు.

"చిన్నప్పటి అలవాటు సార్. మా నాయనమ్మతోని గట్లనే ఆడేదాన్ని," అంది ఆమె మెల్లగా.

"పోనియ్యిన్రి సార్, పాపం ఆడమనిషి," అన్నారు చూసేవాళ్లలో ఎవరో. నాకూ వదిలెయ్యాలనే ఉంది. అయినా, "రాజునే జరపాలమ్మా," అన్నాను.

ఆమె రాజును పక్క గడిలో పెట్టింది. రాజు ఒకసారి కదిలితే, ఒకే ఎత్తులో దాన్ని మూలకు చేర్చి ఏనుగును కాపలా పెట్టుకునే వీలుండదు, అదీ పోయింది. ఆట అయిపోయిందనే అనుకున్నాను. ఆమె అలా అనుకోలేదు. దాక్కునే చోటు లేదని తేలాక దాక్కోవడమే మానేసింది. కాసేపటికి ఏనుగును వదులుకుని, తెల్ల రాజుకు అడ్డుగా ఉన్న గుర్రాన్ని కొట్టింది. దామోదర్‌రావు దాడి మాట మరిచి తన రాజును కాచుకోవడంలో పడ్డాడు. చివరికి ఓటమి ఒప్పుకుని తన రాజును తనే పడుకోబెట్టి, "మంచిగ ఆడిన్రమ్మా," అని నమస్కారం పెట్టాడు. నాకు పట్టలేని సంతోషం. ఆర్బిటర్ని కాబట్టి మీసం చాటున నవ్వుకున్నాను.

బయట వరండాలో అడిగాను, "నా మీద కోపం రాలేదా అమ్మా?"

"ఎందుకు రాలే సార్, మస్తు వచ్చింది. కానీ మీరు జర జాలిపడుంటే, గీ చోటు డ్రిల్లు మాస్టరే ఇప్పిచ్చిండనేటోళ్లు. ఇప్పుడు ఎవ్వలంటరు?"

ఆ తర్వాత ఎన్నో పోటీలకు తీర్పు చెప్పాను. ఎవరి మీద ఎంత జాలి కలిగినా నియమం సడలించలేదు. వాళ్ల గెలుపులో నాకు వాటా వద్దు.