వనపర్తి దవాఖానకని బయల్దేరి పత్తిచేన్లో దిగిన ఫార్మసిస్టు

నా మొదటి డ్యూటీ రోజును ఎంత ఘనంగా తగలబెట్టుకున్నానో చెబుతాను, వినండి. మధ్యలో నవ్వొస్తే ఆపుకోకండి. మా వీధివాళ్లంతా ఇప్పటికే కడుపుబ్బ నవ్వి ఉన్నారు. ఇంకో నలుగురు నవ్వితే నా పరువుకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు.

అప్పుడు నేను డి.ఫార్మసీ చివరికొచ్చి, మూడు నెలల శిక్షణ కోసం గద్వాల నుంచి వనపర్తి పోవాలి. అక్కడ ఒక దవాఖాన మందుల గదిలో చోటు దొరికింది. సోమవారం తొమ్మిదిన్నరకల్లా వచ్చి సంతకం పెట్టకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతివాడికి ఇచ్చేస్తామని కాగితం మీద రాసి మరీ పంపారు. ఆ మూడు నెలలు లేకపోతే సర్టిఫికెట్ లేదు. మా అమ్మా నాన్నా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, చీర మీద చీర నేసి నన్ను చదివించారు. నాకు లోపల భయంగానే ఉండేది. అది బయటపడకుండా అన్నీ తెలిసినవాడిలా తిరిగేవాణ్ని.

వారమంతా వనపర్తిలో స్నేహితుడి గదిలో ఉండి, శనివారం ఇంటికి రావాలని ఏర్పాటు. అయితే పోవడం ఎట్లా అన్నదాని మీద మా ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, నాకుంది. పైగా చాప, దుప్పటి, పచ్చడి సీసాలు, ఒక బకెట్ పట్టుకుని ఆ రద్దీలో దూరితే, వనపర్తిలో నేను దిగినా బకెట్ దిగుతుందన్న నమ్మకం లేదు. రైలెక్కితే, స్టేషన్ పేరులో వనపర్తి ఉంటుంది గానీ ఊరికి మళ్లీ ఆటో పట్టుకోవాలి. నాన్న పాత బండి ఉంది, కాస్త ఎత్తు కనిపిస్తే చాలు, దిగి తొయ్యమంటుంది.

చివరికి మా మేనమామ తేల్చాడు. “వనపర్తిల నౌకరి చేసెటోళ్లంత కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నరు. తెల్ల వ్యాను. బస్సుకన్న అగ్గువ. నీకు సీటు చెప్పిన. ఎనిమిదింటికి చౌరస్తకాడ ఉండు. ఎక్కేటప్పుడు డ్రైవర్‌ను అడిగి ఎక్కు.”

“గంత తెల్వనోన్నా మామా? చిన్నపిల్లగానికి చెప్పినట్టు చెప్తున్నవ్.”

సోమవారం ఏడింటికే చౌరస్తాలో ఉన్నాను. దవాఖానకు పోయాక తొడుక్కోవలసిన తెల్లకోటు ఇంట్లోనే తొడుక్కొచ్చాను, ఊరంతా చూడాలి కదా. ఏడున్నరకు తెల్ల వ్యాను వచ్చి ఆగింది. లోపల టిఫిన్ డబ్బాలతో పదిమంది ఆడవాళ్లు, చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని ఉన్నారు. దవాఖానల్లో ఆయమ్మలు చీర మీద చొక్కా వేసుకోవడం మీరు చూసే ఉంటారు. నేనూ చూశాను, నా కొంప ముంచింది అదే. వీళ్లంతా మన దవాఖాన ఆయమ్మలే అని తీర్మానించేసి, డ్రైవర్ వంక చూడకుండా ఎక్కి కూర్చున్నాను. డ్రైవర్ నా సామానంతా పైన కట్టేశాడు. ఫోన్ ఆ సామాన్లోని బట్టల సంచిలోనే ఉంది.

పక్కనున్న నడివయసావిడ పేరు జమ్ములమ్మ. నన్ను ఎగాదిగా చూసింది.

“కొత్తగొస్తున్నవా తమ్మీ?”

“అవునక్కా, ఇయ్యాల్నే మొదలు.”

“మరి గా సాప, బకీటు ఏంది?”

“మూడు నెలలు ఆడనే ఉంట. శనివారం శనివారం ఇంటికొస్త.”

ఆవిడ మిగతావాళ్ల వైపు తిరిగింది. “ఇన్నరా, పిల్లగాడు ఆడనే పంటడంట. మనం పొద్దు గుంకకముందే ఉరుకుతం.” తర్వాత నాతో, “పని వస్తదా?” అంది.

“రెండేండ్లు నేర్సుకున్నక్కా. పరీక్షలు గుడ రాసిన.”

“గీ పనికి పరీక్షలేంది తమ్మీ? నేను ఒక్కపూటల నేర్సుకున్న.”

ఒక్క పూటలో నేర్చుకుని మందులిస్తున్న ఆయమ్మను చూసి వనపర్తి జనం ఆరోగ్యం గురించి నాకు దిగులేసింది. ఆవిడ నా తెల్లకోటు చెయ్యి పట్టుకుని చూసి, “మంచిగ పొడుగు చేతులది ఏసుకొచ్చినవ్, గీసుకపోదు” అని మెచ్చుకుంది. మందుల పెట్టెల అంచుల సంగతేమో అనుకున్నాను.

ఇంతలో వ్యాను ఎర్రవల్లి వైపు పోకుండా అయిజ దారి పట్టింది. గద్వాలలో పుట్టి పెరిగినవాణ్ని, ఆ దారి వనపర్తికి పోదని నాకు తెలుసు. అడగొచ్చు. కానీ అడిగితే తెలియనివాడినని తెలిసిపోదూ? ఎవరో ఉద్యోగిని ఎక్కించుకుని వెనక్కి తిప్పుతారులే అని సర్దుకుని కూర్చున్నాను.

ఎనిమిదింటికి వ్యాను ఆగింది. అందరూ దిగారు, నేనూ దిగాను. చుట్టూ పత్తిచేను. దవాఖాన కోసం నాలుగు దిక్కులా చూశాను. ఇక్కడ వైద్య శిబిరం ఏదైనా పెట్టారేమోనని కూడా ఆలోచించాను, అంత తెలివి నాది. జమ్ములమ్మ వచ్చి నా దోసిట్లో పూలు పోసింది.

“ఇవి మగపూలు. నిన్న గుర్తు పెట్టిన ఆడపూలకు రుద్దుకుంట సాలు ఎంబడి పో.”

అప్పుడు వెలిగింది. విత్తనపత్తికి చేతులతో పూలు కలిపే కూలి పని. మా ప్రాంతంలో ఆ పని తెలియనివాళ్లు లేరు. మా ఇంటికి మాత్రం పత్తి దారంగానే వచ్చేది.

“అక్కా, దవాఖాన యాడ?”

“ఏమైంది తమ్మీ, పాణం బాగలేదా?”

సంగతంతా చెప్పాను. పూలు రుద్దే చేతులన్నీ ఆగిపోయాయి. తర్వాత చేనంతా నవ్వింది. చేను యజమాని నవ్వి నవ్వి గట్టు మీద కూలబడ్డాడు. వ్యాను డ్రైవర్ దించి పోయిన సామాన్లోంచి నేను బకెట్ తీసి, బోర్లించి దాని మీద కూర్చున్నాను. అమ్మా నాన్నా గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ముందుగా నవ్వు ఆపింది జమ్ములమ్మే.

“అన్నా, పిల్లగాని సదువు ఖరాబైతది. జర నీ బండి మీద ఎర్రవల్లిల బస్సెక్కించు” అంది యజమానితో.

“నేను పోతే ఎట్లమ్మా? ఎండెక్కితే పూలు పనికిరావు.”

“పూలు రేపు గుడ పూస్తయి. గీ పిల్లగానికి రేపు లేదు. పని నేను జూసుకుంట, నువ్వు లెవ్వు.”

ఆయన లేచాడు. ఆవిడ తన డబ్బాలోంచి రెండు జొన్నరొట్టెలు తీసి నా కోటు జేబులో కుక్కింది. బండి మీద బకెట్‌కు చోటు లేకపోతే నెత్తి మీద బోర్లించుకున్నాను. దారిలో ఎదురైనవాళ్లంతా అది కొత్తరకం హెల్మెట్ అనుకుని ఉంటారు. ఎర్రవల్లిలో బస్సు దొరికింది. ఫోన్ తీసి చూస్తే మామ పదకొండుసార్లు చేసి ఉన్నాడు. తిట్లు తినే ధైర్యం లేక మళ్లీ సంచిలో పెట్టేశాను.

వనపర్తి దవాఖానలోకి పరుగెత్తేసరికి పదికి పది నిమిషాలు తక్కువ. అయిపోయింది, చోటు పోయింది అనుకున్నాను. తీరా చూస్తే మందుల గదికి తాళం. చీటీలు పట్టుకున్న జనం నా తెల్లకోటు చూసి మీద పడ్డారు. “సారొచ్చిండు, సారొచ్చిండు. ఎంతసేపు నిలవడాలె సారూ?”

అంతలో గేటు దగ్గర ఒక తెల్ల వ్యాను ఆగింది. అందులోంచి ఒక మేడమ్ తాళాలు పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చింది. ఆ గదికి ఇన్‌చార్జి ఆమేనట.

“ఏం జేయాలమ్మా, మేం గద్వాల నుంచి రావాలె. ఎవడో కొత్త పిల్లగాడు ఎక్కుతడంట, వానికోసం అర్ధగంట చౌరస్తల ఆపిండ్రు వ్యాను. వాని మామ ఫోన్ చేస్తే గుడ ఎత్తడు. వాడు దొరకనీ, చెప్త వాని సంగతి.”

తాళం తీస్తూ నా వైపు చూసింది. తెల్లకోటు, చంకలో చాప, చేతిలో బకెట్, వేళ్లకు పసుపురంగు పుప్పొడి.

“నువ్వెవరు బాబూ?”

“ఆ కొత్త పిల్లగాణ్ని మేడమ్.”

ఆమె తాళం వదిలేసి సంగతేంటని అడిగింది. కథంతా విని, నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుని నిలబడి, రిజిస్టర్ నా ముందుకు తోసింది. “పెట్టు సంతకం. నాకన్న ముందొచ్చినోన్ని లేటని ఎట్ల రాయాలె?”

ఆ రోజే గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. ఎంత తెలిసిన బండైనా, ఎంత పరువు పోయినా, ఎక్కడికి పోతుందో అడగనిదే అందులో కాలు పెట్టను. పోయిన నెల నా పెళ్లి ఊరేగింపు కారు డ్రైవర్‌ను కూడా అడిగాను. “నీ పెండ్లికే అన్నా” అన్నాడు. మామను పిలిచి రూఢి చేసుకున్నాకే ఎక్కాను.